వసుంధర గారు తన మీద వేసుకున్న తప్పు

డాక్టర్ వసుంధర గారు గత సోమవారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు హృద్రోగంతో పరమపదించారు. వార్త నాకు ఏడుంపావుకు అందింది. పంజగుట్టలోని ఆమె దంతవైద్యశాలలో నేను పద్నాలుగేళ్లుగా సహాయవైద్యుణ్ణి. ఆనాడు రావలసిన రోగులు తొమ్మిదిమంది. అందరికీ కబురు చేసి, వేళలు మార్చి, డైరీలో రాసుకున్నాను. దుఃఖం ఇంకా రాలేదు.

దవడ ఎముకలో బిగించే ఇంప్లాంట్ స్క్రూకూ, దానిపై పన్నును నిలిపే పోస్టుకూ మధ్యనున్న అతుకే ఆమె జీవితకాల చింతన. కంటికానని ఆ సందులో సూక్ష్మజీవులు చేరి బయటికి ఊరితే చుట్టూ ఎముక క్షీణిస్తుంది. బల్లపరుపు అతుకుకన్న శంఖాకారపు అతుకు మేలనేవారు. ఏదీ సంపూర్ణంగా మూసుకోదనీ హెచ్చరించేవారు. కొత్త రకం ఏదొచ్చినా ఒక నమూనాలో నీలిరంగు చుక్క వేసి, పోస్టు బిగించి, గ్లాసు నీళ్లలో ముంచి మర్నాడు చూసేవారు. నీళ్లకు రంగు దిగితే ఆ సరుకు తిరుగు టపాలో కంపెనీకే. "పేషెంటుకు పన్ను చూపించవయ్యా, నాకు అతుకు చూపించు" అనేవారు.

ఆమె ఊళ్లో లేని ఒక వారంలో, అంతకుముందు ఆమే స్క్రూ పెట్టిన బోరబండ తాపీమేస్త్రి యాదగిరికి పన్ను అమర్చవలసి వచ్చింది. మైత్రీవనం వెనుక పళ్లు చేసే ల్యాబు, స్క్రూది కాక వేరే కంపెనీ పోస్టు పంపింది. చక్కగా కూర్చుంది. రంగు పరీక్ష చేయకుండానే బిగించాను. పదకొండు నెలలకు ఎక్స్‌రేలో ఎముక స్క్రూ మూడు చుట్ల మేర దిగిపోయి కనిపించింది. ఆమె ఎక్స్‌రే చూసి, నన్ను చూసి, అతణ్ణి లోపలికి పిలిచారు.

"యాదగిరి గారూ, నేను పెట్టిన స్క్రూ దగ్గర అతుకులో సందు మిగిలింది. తప్పు నాది."

"సందుంటే తేమ దిగుతది, గోడ ఉబ్బుతది. గిది మాకు తెల్వదా మేడమ్! మేమైతే పైన సున్నమేసి పోతం. మీరేం జేస్తరు?"

"సున్నం వెయ్యను. మొత్తం తీసి, ఎముక కట్టి, మళ్లీ పెడతాను."

"జర జల్ది చెయ్యున్రి. మటన్ బొక్క కొరకక మస్తు దినాలాయె."

అతడు వెళ్లాక నేనేదో అనబోయాను. "ఏంటి, రేపు నీ చేత పన్ను కట్టించుకోడానికి ఎవరైనా రావాలా వద్దా? వెళ్లు, తరువాతివాళ్లను పిలువు" అన్నారు. పిలిచాను. ఆ తేదీ నా డైరీలో ఉంది. నిజం ఎవరికీ చెప్పలేదు.

నిన్నటి సంతాపసభలో యాదగిరి లేచి, "మేడమ్ చెయ్యి ఒక్కసారే తప్పింది, అది నా నోట్లెనే. అయినా ఒప్పుకున్నది, మళ్ల మంచిగ చేసింది" అన్నాడు. సభ గౌరవంగా తలలూపింది. నేనూ ఊపాను.

ఆ చెయ్యి ఆ ఒక్కసారీ తప్పలేదు. రంగు పరీక్ష లేకుండా పోస్టు బిగించిన నా చెయ్యి తప్పింది. ఇది పత్రికలో అచ్చయినా యాదగిరి పత్రికలు చదవడు. రేపు ఉదయం బోరబండ వెళ్లి ముఖాముఖి చెబుతాను. ఆమెకు నేనర్పించగల నివాళి ఇంతే. నాకు ముందు నిలబడి, తప్పు తనదనగలవారు ఇక లేరు.