ఓబులక్క పాటకు వంత

దయ్యాలంటే నాకు భయం లేదు, విసుగు. ఎవరైనా ఆ కథలు మొదలుపెడితే లేచి వంటింట్లోకి పోయే రకం నేను. అనంతపురంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి బతుకుతున్నదాన్ని. నా ముందు ఎవరైనా "ఏదో శక్తి" అంటే, ఏ శక్తో, ఎన్ని జౌల్సో చెప్పమంటాను. ఇది చదివి "మీరు కూడానా టీచర్" అని నవ్వితే నవ్వండి. జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను.

మా మేడ మీద ఒక పొడవాటి గది ఉంది. నెలకో ఆదివారం అక్కడ పాట పెట్టిస్తాను. మైకు ఉండదు, స్టేజీ ఉండదు. చాపలు పరుస్తాం, ఇరవై మందికి మించి పట్టరు. తత్వాలు పాడేవాళ్లు వస్తారు, డమరుకం మోగిస్తూ పాడే గొరవయ్యలు వస్తారు, ఒక్కోసారి గిటారు పట్టుకుని కాలేజీ పిల్లలు వస్తారు. పాడేవాళ్ల మోకాలు వినేవాళ్ల మోకాలికి తగులుతుంది. మైకులో పాట వింటే నాకు తలనొప్పి. అలా పక్కన కూర్చుని వింటే మాత్రం వారమంతా మనసు తేలిగ్గా ఉంటుంది.

మా పెద్దమ్మ కూతురు ఓబులక్కది కంబదూరు దగ్గర పల్లె. ఆమె, మా బావ కలిసి తత్వాలు పాడేవాళ్లు. అక్క చరణంలో ప్రశ్న అడిగితే, బావ వంత అందుకుని జవాబు పాడతాడు. వాళ్ల భజన గుంపులో ఒక కట్టుబాటు ఉంది. ఒకరి చరణం ఇంకొకరు నోట పట్టకూడదు, పట్టినవాళ్లకు కీడని నమ్మకం. అందుకని బావ పాడుతున్నంతసేపూ అక్క తాళాలు వేస్తూ, తన తర్వాతి చరణాన్ని లోపల తిప్పుకునేది. ఆయన మాటలు చెవిన పడేవి గానీ మనసులో నిలుపుకునేది కాదు.

పోయినేడు ఎండల్లో బావ గుండె ఆగి చనిపోయాడు. ఆయన సొంతంగా కట్టిన పాట ఒకటుంది. అది వాళ్లిద్దరే పాడేవాళ్లు, ఎవరూ రికార్డు చేసిన పాపాన పోలేదు. అందులో జవాబులన్నీ ఆయనతోనే పోయాయి. ఆయన సేద్యం చేసిన చేనును అక్క బీడు పెట్టేసింది.

అంతటితో అయిపోలేదు. అక్కకు గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ ఆలస్యమైతే ప్రాణానికే ముప్పన్నారు డాక్టర్లు. గొంతు తిరిగి వస్తుందని మాత్రం మాట ఇవ్వలేమన్నారు. అక్క ససేమిరా అంది. బావను ఆమె ఆయప్ప అనే అంటుంది.

"ఆయప్ప పాట సగంలో ఉండాది పాపా. ఒక్కసారన్నా నిండుగా ఇనకుండా గొంతు కోయించుకోను. సస్తే సస్తా."

నాకు ఒళ్లు మండింది. ఎవరితోనైనా జవాబులు రాయిస్తానన్నాను. "ఆయప్ప మాటలు దుడ్లిచ్చి కొనకొస్తావా నువ్వు?" అని నా మీదికి లేచింది. గడ్డ మాత్రం పెరుగుతూనే ఉంది. పాఠం చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయి పిల్లల చేత నవ్వించుకున్నాను. చివరికి, మా మేడ మీద నీ సగమైనా పాడు, తర్వాత చూద్దాం అని బతిమాలి తీసుకొచ్చాను.

ఆదివారం, ఇంకా ఎండ దిగలేదు. కరెంటు పోతే కిటికీలన్నీ తీశాం. టీ కొట్టు ఖాదరన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ప్రతిసారీ వస్తాడు, ఒక్కసారీ గొంతు కలపడు. కింద అద్దెకుండే చిత్ర ఫోన్లో రికార్డు పెట్టింది. దావణగెరె నుంచి వచ్చిన కన్నడ పిల్ల, తెలుగు అంతంతమాత్రం.

అక్క తాళాలు తీసుకుంది.

"దున్నిన చేను దుమ్మాయె, వాన యాడుండాదిరా?"

ఆగింది. బావ జవాబు పాడేంతసేపు ఉత్త తాళం వేసింది. రెండోది అడిగింది, మళ్లీ ఉత్త తాళం. మూడోదీ అంతే. ఆ ఖాళీ నేను భరించలేకపోయాను. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. అక్క మళ్లీ మొదటి చరణం ఎత్తుకుంది. ఇంక చాలక్కా అని చెప్పడానికి లేవబోయాను.

అప్పుడు జవాబు వచ్చింది. గది గదంతా పాడింది.

"మబ్బునెందుకు అడిగేవు, మడకనడిగి చూడరా."

పాడినవాళ్లలో నేనూ ఉన్నాను. పక్కవాళ్లు ఆవలిస్తే మనకూ ఆవలింత వస్తుంది చూడండి, అలా వచ్చింది. నోరు తెరవాలని నేననుకోలేదు. మడకంటే నాగలని తెలుసు గానీ, ఆ వరుసలో ఆ మాటలు జన్మలో వినలేదు. అయినా ఒక మాట తర్వాత ఏ మాట రావాలో నాలుకకు తెలుస్తూనే ఉంది. అక్క కళ్లు మూసుకుని అడుగుతూ పోయింది, మేము జవాబిస్తూ పోయాం. చివరికి ఇలా అడిగింది:

"విత్తినోడు పాయెనే, చేను ఎవరిదిరా?"

"విత్తు పట్టిన చేతిదే, పోయి చల్లుకోరా."

అక్క కొంగు నోట కుక్కుకుని ఏడుస్తోంది. "ఆయప్ప మాటలే... ఆయప్ప మాటలే," అంది. ఖాదరన్న గోడ దగ్గర నుంచి లేచి నా ముందుకొచ్చాడు.

"ఏమ్మా టీచరమ్మా, ఈ పాట నాకెవరు నేర్పిచ్చిరి? అల్లా మీద ఒట్టు, నాకేం తెల్దు!"

తాను పాడినదానికి అర్థమేమిటని చిత్ర నన్ను అడిగింది.

ఆ రాత్రే అక్క ఆపరేషన్‌కు ఒప్పుకుంది. సంతోషపడాల్సింది పోయి నేను కారణం వెతుక్కుంటూ కూర్చున్నాను. మాలో ఒకరు ఎప్పుడో బావ పాట విని ఉంటారు, వాళ్లు పాడితే మిగతావాళ్లు అందుకుని ఉంటారు అనుకున్నాను. వచ్చినవాళ్లందరినీ అడిగాను. ఎవరూ వినలేదు. చిత్ర రికార్డు తీసుకుని వేగం తగ్గించి, తగ్గించి విన్నాను. ఒకరి వెనక ఒకరు అందుకుంటే కొందరి గొంతులు రవ్వంత వెనకపడాలి. పడలేదు. అందరం ఒక్కసారే మొదలుపెట్టాం. చిత్ర తెలుగులో ఒక్క తడబాటు లేదు.

ఆపరేషన్ రోజు పొద్దున ఆ రికార్డు అక్క చెవిలో పెట్టాను. మూడు జవాబులకూ చిన్నపిల్లలా తల ఊపుతూ నవ్వింది. నాలుగోది రాగానే ఇయర్‌ఫోన్ పీకేసింది.

"ఇదేంది పాపా?"

"నీ పాటే కదక్కా. చివరి చరణం."

"పాట మూడు చరణాలే. విత్తినోడు పాయెననేది ఆయప్ప కట్టలే, నేనూ కట్టలే. నేనెప్పుడు పాడితి దీన్ని?"

అంతలో స్ట్రెచర్ వచ్చింది. నా చెయ్యి గట్టిగా నొక్కి లోపలికి పోయింది.

బతికింది. గొంతు మాత్రం పోయింది, ఇప్పుడు గుసగుసగానే మాట్లాడుతుంది. తొలకరి పడగానే, ఎవరూ చెప్పకుండానే, బీడు దున్నించి శనక్కాయ వేసింది. నేను చూడ్డానికి పోయేసరికి చేనంతా పచ్చగా మొలిచి ఉంది. ఏమక్కా, ఇంత ధైర్యం ఎక్కడిదన్నాను. నా చెవి దగ్గరికి వంగింది.

"చేను ఎవరిదని అడిగితి కదా పాపా. చెప్పినారు కదా."

ఎవరు చెప్పారక్కా అని నేనెలా అడుగుతాను? చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ మాట నాలోకి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.