బురద నీళ్ళకి నల్ల ఎర

మా బాబాయి పోయాడు. ఫస్ట్ షిఫ్ట్ దిగి కార్డు పంచ్ చేస్తుంటే ఫోర్‌మన్ పిలిచి ఫోన్ చేతికిచ్చాడు. అవతల పిన్ని. "మీ బాబాయి ఇక లేడు నాయనా" అని పెట్టేసింది. ఊపిరితిత్తులు. లోహాలకి పూత పూసే ప్లేటింగ్ తొట్ల పక్కన ఏళ్ళ తరబడి ఆవిరి పీల్చిన మనిషికి ఇంకేం పోతాయి? కంపెనీ పెద్ద పూలచక్రం పంపింది. బతికుండగా అక్కడొక ఫ్యాన్ పెట్టించి ఉంటే ఆ పూలు వాళ్ళకే మిగిలేవి.

ఆయనకీ నాకూ రక్తసంబంధం లేదు. ఈ దేశం వచ్చాక ప్లేనోలో మా పక్క అపార్ట్‌మెంట్. నన్ను అదే షాపులో పనికి పెట్టించింది ఆయనే, చేపలు పట్టడం నేర్పిందీ ఆయనే. చర్చిలో జరిగిన స్మారక కూడికలో ఈ రెండో సంగతి ఎత్తొద్దన్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

చలికాలం వానలకి మా దగ్గరి లేక్ మరిగిన టీ రంగుకి తిరుగుతుంది. అందరూ పడవలకి పట్టాలు కప్పేసుకునే ఆ రోజుల్లోనే బాబాయికి బాస్ చేప మీద మనసు పోయేది. గట్టు మీదికి రాగానే ఎరల పెట్టెలో చెయ్యి పెట్టి వెతకడం ఉండదు. ముందు ఒక తెల్ల ఎరని నీళ్ళలోకి దించి, అది ఎంత లోతులో కనపడకుండా పోతుందో చూసేవాడు. జానెడు లోపే మాయమైతే "ఊఁ, ఇవాళ చేపకి కళ్ళు లేనట్టే" అనేవాడు. ఆ తర్వాతే ఏది కట్టాలన్న ఆలోచన.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేను తళతళలాడే వెండిరంగు ఎర తీశాను. మురికి నీళ్ళు కదా, మెరిస్తే కనపడుతుందని నా తెలివి.

"ఒరేయ్, పెళ్ళిచూపులకొచ్చావా? పైన మబ్బు, కింద బురద. అది దేనికి మెరుసుద్ది, నీ మొహానికా?"

"మరి ఏది కట్టను బాబాయ్?"

"నల్లది. బురదలో నలుపే గట్టిగా కనపడుద్ది, నీడలాగా. అయినా ఈ నీళ్ళలో చేప ఒంటితో చూసుద్దిరా. నీళ్ళు కదిలితే దానికి తెలిసిపోద్ది. లావుపాటిది చూసి కట్టు."

ఆయన కట్టేది నల్ల జిగ్. సీసం తల, దాని చుట్టూ రబ్బరు కుచ్చు. ఉప్పునీళ్ళ సీసాలోంచి పందితోలు ముక్క తీసి దాని గాలానికి గుచ్చేవాడు. నీళ్ళలో ఆ తోలు మెత్తగా ఊగుతుంది. ఎంతసేపటికీ చేప పలక్కపోతే గుండ్రటి పెద్ద రేకు తిరిగే ఎర కట్టేవాడు. ఆ రేకు అదురు రాడ్ పట్టుకున్న చేతికి కూడా తెలిసేది. ఏది కట్టినా డ్యామ్ రాళ్ళ పక్కన పడేసి, లాగీ లాగనట్టు లాగడమే.

"చలికి దానికీ బద్ధకమే. వెంటపడి తినదు. కొత్తల్లుడికి వడ్డించినట్టు నోటి దగ్గర పెట్టి కూర్చోవాలి."

నేను తొందరపడితే రాడ్ గుంజుకుని అవతల పెట్టేసేవాడు. సౌమ్యుడని అబద్ధం చెప్పను. నోరు పెద్దది. చేపలు పడే చోటు ఎవరికీ చెప్పేవాడు కాదు. ఎవరైనా అడిగితే అవతలి గట్టు చూపించేవాడు. కానీ పొట్టనిండా గుడ్లున్న పెద్ద చేప పడితే, ఒక్క మాటా అనకుండా మళ్ళీ నీళ్ళలోకి దించేసేవాడు.

మిగతావి పిన్ని చేతి పులుసు. అందరూ తలో వంటకం తెచ్చే చర్చి పాట్‌లక్‌లో మొదట ఖాళీ అయ్యేది ఆ గిన్నే. అడుగు ఊడ్చుకుని తిన్నవాళ్ళే బయటికెళ్ళి "ఎక్కడికొచ్చినా కులవృత్తి పోదు" అని నవ్వేవాళ్ళు. ఆయనకి తెలుసు. తెలిసీ వాళ్ళకి ఇంకో గరిటె వేయించేవాడు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

స్మారక కూడిక ఏర్పాట్లు చూసిందీ వాళ్ళే. బాబాయి కూతురికి అనుకుంటున్న సంబంధంవాళ్ళు షామ్‌బర్గ్ నుంచి ఫ్లైట్‌లో వచ్చారు. సంఘపెద్ద నన్ను పక్కకి లాగాడు.

"బ్రదర్, నువ్వు మాట్లాడతావుగా. సూపర్‌వైజర్ అని చెప్పు. చేపల మాట మాత్రం ఎత్తకు."

"ఆయన సూపర్‌వైజర్ కాదండీ."

"పోయినాయన్ని నాలుగు మెట్లు ఎక్కిస్తే తప్పేంటి? పిల్ల ఫ్యూచర్ బ్రదర్. చేపలంటే వాళ్ళు వెంటనే ఊరూ పేటా అడుగుతారు."

పిన్ని వైపు చూశాను. తల దించుకుంది. "అయితే నేను మాట్లాడను" అని వెళ్ళి కూర్చున్నాను. నా బదులు ఆయనే లేచి, బాబాయిని సూపర్‌వైజర్ చేసేసి, ప్రార్థనతో ముగించాడు.

భోజనాల దగ్గర పెళ్ళికొడుకు తండ్రి ఆ అమ్మాయిని పలకరించాడు. "నాన్నగారు ఏ డిపార్ట్‌మెంట్‌కి సూపర్‌వైజరమ్మా?"

ఊహ తెలియకముందే ఈ దేశం వచ్చిన పిల్ల. తెలుగు కూడబలుక్కుని మాట్లాడుతుంది.

"కాదు అంకుల్. నాన్న ప్లేటింగ్ చేసేవారు. వింటర్‌లో ఫిషింగ్ చేసేవారు. చాలా బాగా చేసేవారు."

సంఘపెద్ద దగ్గాడు. పెళ్ళికొడుకు తండ్రి ప్లేటు కింద పెట్టాడు.

"అసలు మీది ఏ ఊరమ్మా?"

ఆ ప్రశ్న దేనికో అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. ఆ పిల్లకీ తెలుసు.

"ప్లేనో" అంది.

ఫ్లైట్‌కి టైమవుతోందని వాళ్ళు స్వీటు ముట్టకుండానే లేచారు. ఇదంతా రాయనా అని తర్వాత ఆ అమ్మాయిని అడిగాను. "రాయి అన్నయ్యా. అది దాచేస్తే నేను ఎవరి డాటర్‌ని?" అంది.

ఆ రోజు కూడిక అయ్యేసరికి బయట చలి కోసేస్తోంది. పొద్దున సంఘపెద్ద భార్య పిన్నికి తన ఉన్నికోటు తొడిగింది, పొడుగుది, ఖరీదైనది. పిన్ని దాన్ని విప్పింది. మడతపెట్టి ఆవిడ చేతిలో పెట్టింది. తమ కారు డిక్కీ తెరిచి, బాబాయి లేక్‌కి వేసుకెళ్ళే జాకెట్ తీసి తెల్లచీర మీద తొడుక్కుంది. జాకెట్ చేతులు ఆమె వేళ్ళు దాటి వేలాడుతున్నాయి. అంచుల్లో ఎండిన మట్టి. జిప్ మెడదాకా లాక్కుని, అందరూ చూస్తుండగా, పార్కింగ్ లాట్ నడిమధ్యలోంచి మెల్లగా నడుచుకుంటూ వెళ్ళింది.