బుగ్గలో దాచిన మాత్రలు

నిన్న సాయంత్రం మా ఏడేళ్ల ఆద్య నూడుల్స్ జుర్రుకుంటూ, "అమ్మా, టుమారో నా షో అండ్ టెల్ నీ గురించే లా!" అంది ఇక్కడి బడి యాసలో. షో అండ్ టెల్ అంటే క్లాసు ముందు నిలబడి ఒక విషయం గురించి చెప్పడం. ఆ క్షణానే నాకు భయం వేసింది. పన్నెండేళ్లుగా ఎవరికీ చెప్పకుండా మోస్తున్న బరువు ఒకటి లోపల కదిలింది.

క్లాసులో టీచర్ ఆఫ్రికా నదుల పక్కన ఈగలు కుట్టి చూపు పోయే జబ్బు గురించి చెప్పిందట. ఊరివాళ్లే ఇంటింటికీ మాత్రలు పంచి, ఏటేటా అందరూ మింగి, కొన్ని దేశాల్లో దాన్ని తరిమేశారట.

"మన ఊళ్లో కూడా సేమ్ కదా! అమ్మ ఫస్ట్ మింగింది. పార్వతి అమ్మమ్మ వీడియో కాల్‌లో చెప్పింది" అంది ఆద్య. నాలుగేళ్ల తమ్ముడు చప్పట్లు కొట్టాడు. నేను ఇంకా తినకుండానే నా ప్లేటు కడగడానికి లేచాను.

మీకు చెప్పేస్తున్నాను. నేను మింగలేదు.

మాది కాకినాడ దగ్గర పల్లె. మా వైపు జబ్బు బోదకాలు, దోమ కాటుతో వస్తుంది. డిగ్రీ రెండో ఏడాదిలో కాలేజీ తరఫున, ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశా అక్కతో కలిసి మాత్రలు పంచడానికి మా వీధికే వెళ్లాను. మాత్రలు చేతిలో పెట్టి వెళ్లిపోకూడదు, కళ్లెదుటే మింగించాలి. అదీ నియమం. ఒక్కరూ ముందుకు రాలేదు. జబ్బే లేనివాళ్లకు మందెందుకన్నారు.

ఎదురింటి పార్వతత్త, ఇప్పుడు ఆద్య అమ్మమ్మ అని పిలిచే ఆవిడే, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ముందు నువ్వు మింగవే అమ్మడూ. చదువుకున్నదానివి, విషమైతే నువ్వు తినవు కదా! నువ్వు మింగితే నేనూ మింగుతాను."

వీధంతా నవ్వింది. నేను నాలుగు మాత్రలూ నోట్లో వేసుకున్నాను. మర్నాడు పరీక్ష. కళ్లు తిరుగుతాయని, వాంతులవుతాయని విని ఉన్నాను. నాలుగూ బుగ్గలోకి తోసి, పైన గుక్కెడు నీళ్లు తాగి, "మింగావా?" అని అడిగిన ఆశా అక్కకు మాట రాక గంగిరెద్దులా తలూపాను. ఇంటి వెనక్కి పరుగెత్తి ఉమ్మేశాను. తిరిగొచ్చేసరికి పార్వతత్త నాలుగూ మింగేసింది. ఆవిణ్ణి చూసి వీధంతా మింగింది.

ఆ సాయంత్రం ఆవిడకు జ్వరం, వాంతులు. ఒంట్లో పురుగులున్నవాళ్లకు అవి చచ్చేటప్పుడు అలా అవుతుందని, మంచిదేనని ఆశా అక్క ధైర్యం చెప్పింది. పార్వతత్త ఊరుకుందా? తలకు తువ్వాలు చుట్టుకుని, గ్లాసుడు మజ్జిగతో మా గుమ్మంలోకి వచ్చింది.

"నీకూ తల తిరుగుతోందా తల్లీ?"

"అవునత్తా" అన్నాను. పైగా కాస్త మూలిగాను కూడా. ఆ మజ్జిగ తాగాను. ఉప్పు సరిపోయింది.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోతుంది. ఉమ్మేసినందుకా ఈ బాధ? కాదనుకుంటాను. పిరికితనాన్ని నేను క్షమించుకోగలను. జ్వరంతో నా కోసం నడిచివచ్చిన మనిషి ముందు జబ్బు నటించి, పరామర్శ చేయించుకుని, పన్నెండేళ్లుగా ఆవిడ నన్ను మెచ్చుకుంటుంటే ఫోన్లో సిగ్గుపడుతున్నట్టు నవ్వుతున్నాను చూడండి, అదీ మింగుడు పడనిది. మరుసటి ఏడు నిజంగానే మింగాను. దాంతో మొదటిది చెల్లిపోయిందా? చెల్లితే దేశం దాటి వచ్చి, ఈ హౌగాంగ్ ఫ్లాట్‌లో, పిల్లల్ని పడుకోబెట్టి, మీకెందుకు రాస్తాను?

నిజం చెప్తే మా ఆద్య దృష్టిలో నేనేమైపోతాను? చెప్పకపోతే నా అబద్ధాన్ని అది క్లాసులో నిలబడి నమ్మకంగా చెబుతుంది. నిన్న రాత్రి ఈ రెండింటి మధ్యే దొర్లాను.

ఈ ఉదయం షూ లేసులు కడుతూ చెప్పేశాను. మొహం చూడక్కర్లేకుండా తల వంచుకునే పని అది.

"ఆద్యా, ఆ రోజు అమ్మ మింగలేదు. భయమేసి బుగ్గలో దాచి ఉమ్మేసింది. మింగానని అబద్ధం చెప్పింది."

"వాట్! అమ్మా, యూ చీట్ లా!"

"అవును."

తమ్ముడికి చాలా ఆనందమైంది. బుగ్గలో దాచొచ్చని వాడికి ఇవాళే తెలిసింది. ఆద్య మాత్రం నవ్వలేదు.

"దెన్ హూ వాజ్ ఫస్ట్?"

"పార్వతి అమ్మమ్మ. నిజంగా ముందు మింగింది ఆవిడే. నీ షో అండ్ టెల్‌లో ఆవిడ గురించి చెప్పు."

అది రెండో కాలు నా ముందుకు చాపింది. "షీ నోస్ ఆర్ నాట్?"

"తెలీదు" అన్నాను. "ఆవిడకు నేనింకా చెప్పలేదు."