తోమని రూపాయి

నానిన చింతపండు వాసన వస్తే నాకు మా నాయనమ్మ మెడలోని రూపాయల దండ గుర్తొస్తుంది. మొన్న దీపావళికి పూజసామాను తోముతూ మా మనవరాలు కుంకుమ భరిణెలోని నల్లటి రూపాయిబిళ్లను కూడా చింతపండు గిన్నెలో వేయబోతే, "అది ముట్టకు" అని గట్టిగానే కసిరాను. పిల్ల బెదిరింది. గ్లాసు మీద చిన్న మరక ఉన్నా మళ్లీ కడిగించే ముసలిది, ఇంత నల్లబడ్డ బిళ్లను ఎందుకు తోమనివ్వదని దాని అనుమానం. దానికి చెప్పిన సంగతే ఇక్కడ రాస్తున్నాను.

డెబ్బైల నాటి మాట. మా ఊరు ఏన్కూరు దాటి అడవిలోకి పోయే బాట మీద ఉండేది. ఎండాకాలం తెల్లవారుజామున ఇప్పపూల మత్తువాసన ఇళ్లలోకి వచ్చేది, మధ్యాహ్నం తునికిపండ్లు తిని పిల్లల మూతులు పసుపుపచ్చగా ఉండేవి, వాన పడ్డదంటే పొయ్యి మీద జొన్నగట్క ఉడుకుతుండగా తడిసిన ఎడ్ల వాసన, పొగ వాసన కలిసి ఇల్లంతా నిండేది. ఆ ఇంట్లో బంగారమన్నది లేదు. ఉన్న ఆస్తి నాయనమ్మ మెడలో నల్లదారానికి గుచ్చిన వెండి రూపాయల దండ ఒక్కటే. ఆమె తండ్రి గోదావరి ఆవల భద్రాచలం అడవుల్లో టేకు కొట్టి, దుంగలను తెప్పలుగా కట్టి నీళ్లలో దించే పనికి పోయి, ఆ కూలి డబ్బులకు కొక్కేలు అతికించి బిడ్డ పెండ్లికి పెట్టాడట.

గోదావరికి అటు తెల్లదొరల ఏలుబడి, ఇటు నైజాం ఏలుబడి ఉన్న కాలమది. అటు నడిచేది రాణి బొమ్మ ఉన్న కల్దార్ రూపాయి, ఇటు నడిచేది చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ రూపాయి. కల్దారులో వెండి ఎక్కువ, హాలీలో తక్కువ. మా సరిహద్దు ఊళ్లలో రెండూ తిరిగేవి కాబట్టి పెద్దవాళ్లు బిళ్లను రాతి మీద వేసి మోత వినేవాళ్లు, అంచును గోటితో తడిమేవాళ్లు, ఎండకు వాలుగా పట్టి చూసేవాళ్లు.

ఏటా దీపావళి పొద్దున నాయనమ్మ దండ విప్పి, బిళ్లలన్నీ చింతపండు పులుసులో వేసి, పొయ్యి బూడిద అద్దిన కొబ్బరిపీచుతో ఒక్కోదాన్ని ముఖం కనబడేదాకా తోమేది. పక్కన మూకుట్లో బూరెలు పొంగుతున్నా ఆమె చూపు మరలేది కాదు. లక్ష్మి ముందు మాసిన బిళ్ల పెట్టకూడదని ఆమె పట్టు. మేము వాటి మీద కాగితం పరిచి బొగ్గుతో రుద్దే ఆట ఆడితే గుండ్రటి నలుపు తప్ప ఏ బొమ్మా పడేది కాదు.

ఒక ఏడు తొలకరికి ముందు మా ఎద్దుల్లో ఒకటి పాము కరిచి చచ్చింది. జోడు లేక దుక్కి ఆగింది. నాయనమ్మ దండ తీసి కొంగున కట్టుకుని, నాయిననూ నన్నూ వెంటబెట్టుకుని కల్లూరులో వెండిపని చేసే అవుసలాయన దగ్గరికి నడిచింది.

ఆయన బిళ్లలను అరచేతిలో పోసుకుని నవ్వాడు. "ఏంది అవ్వా, రూపాయలు తెచ్చినవా, అప్పడాలు తెచ్చినవా? గింత నున్నగున్నయి!"

"నవ్వకు బిడ్డా. మా అయ్య గోదారిల నడుములు ఇరగ్గొట్టుకొని తెచ్చినయి. అన్నీ రాణి రూపాయలే."

ఆయన తూచాడు, అరిగిన బిళ్లలు కాబట్టి తూకంతో తేలలేదు, కొక్కేల వల్ల మోతా సరిగా పలకలేదు. గీటురాయి మీద గీశాడు, గీతల్లో తేడా కంటికి ఆనలేదు. "బొమ్మ ఆనితె కల్దార్ లెక్క, ఆనకపోతె హాలీ లెక్క. కల్దార్ ధర కట్టి, కరిగించినంక హాలీ అని తేలితె మునిగేది నేను గదా."

నాయనమ్మ ఆయన బట్టీలోంచే మసి తీసి ఒక్కో బిళ్లకు పూసి బొటనవేలితో తుడిచింది. గుంటల్లో మసి నిలిస్తే బొమ్మ తేలాలి. అద్దంలా తోమిన వెండి మీద మసి నిలవక జారిపోయింది.

"మెడల ఏసుకుంటె గిట్ల అరగయి," అన్నాడాయన. "ఏం జేసినవ్ అవ్వా వీటిని?"

"ఏటా బూడిదతోని తోమిన. లచ్చిమి నల్లగుంటదా?"

"గట్ల తోమి తోమి రాణిని బూడిదల కలిపినవ్."

ఆమె చేయి బిళ్ల మీదే ఆగింది. "ఎడ్ల సంత లేస్తదమ్మా, జల్దీ ఇచ్చెయ్," అన్నాడు నాయిన. ఆమె దండలోంచి ఒక బిళ్ల తెంపి కొంగున ముడేసుకుని మిగతావి హాలీ లెక్కకే ఇచ్చేసింది.

ఆ డబ్బుకు కోడె రాలేదు. పండ్లరిగిన ముసలి ఎద్దు వచ్చింది. నాయనమ్మ దాని నోరు తెరిచి చూసింది. వచ్చేటప్పుడు దారి పొడుగునా "రాణి రూపాయలే" అని చెబుతూనే ఉంది. నాయిన ఎద్దును అదిలిస్తూ ముందు నడిచాడు, నేను ఆమె కొంగు పట్టుకుని వెనక నడిచాను. ఆ ఎద్దు ఒక్క కారు దున్ని, మరుసటి ఎండాకాలం లేవలేదు. సగం చేను వేరేవాళ్లు దున్నుకునేలా పాలుకు పోయింది. నేను మూడో తరగతి బడి మాని తునికాకు కోతకు పోయాను.

మిగిలిన ఆ ఒక్క బిళ్లను నాయనమ్మ మళ్లీ తోమలేదు. "ఎవలన్న తోమిండ్రో, చేతులు ఇరగ్గొడత" అనేది. ఆమె పోయాక అది నాకు వచ్చింది. ఏండ్ల తరబడి నల్లబడుతూనే ఉంది. నా కంటికి ఆపరేషన్ అయిన ఏడు భరిణె తెరిచి చూద్దును గదా, నలుపు అంతటా ఒక్క తీరుగా లేదు, గుంటల్లో చిక్కగా, ఎత్తుల్లో పలచగా పట్టింది.

ఇప్పుడు కల్లూరులో ఆ బట్టీ లేదు, అక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. మా జొన్నచేను మీద పామాయిల్ తోట నీడ పడింది. కల్దార్, హాలీ అంటే ఈ ఇంట్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఇదంతా విని మనవరాలు బిళ్లను కిటికీ దగ్గరికి తీసుకుపోయి, వెలుగుకు అటూ ఇటూ వంచి చాలాసేపు చూసింది. ముడిచిన జుట్టు, దాని పైన చిన్న కిరీటం.

"అవ్, రాణే," అన్నది.

కల్లూరు నుంచి వచ్చే ఆ దారిలో మా నాయనమ్మతో ఈ మాట ఎవరమూ అనలేదు.