చీటీ బోర్లించిన పళ్లెం

మా ఇంట్లో పాటలు పెడితే ముందు వచ్చేది పాట కాదు, రొద. పాత కంప్యూటర్‌కు తీగ తగిలించి స్పీకర్ల గొంతు పెంచితే చాలు, మూకుడులో ఇసుక వేయిస్తున్నట్టు ఒకటే చప్పుడు. అది వింటే నాకు పలాసలో మా జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు గలగలలాడే గ్రేడింగ్ హాలు, ఆ వెంటనే పైడమ్మగారు గుర్తొస్తారు. తనిఖీ గుమస్తాగా చేరిన నాకు పప్పు చూడడం నేర్పింది ఆవిడే. ఆవిడ బడి మొహం చూసిన మనిషి కాదు. నేనేమో డిగ్రీ చదివానని తెగ మిడిసిపడేవాణ్ణి.

ఆడవాళ్లు పప్పును సైజు, రంగు చూసి వేరుచేసి పళ్లెంలో పోసి, తమ పేరు రాసిన చీటీ అంచున పెడతారు. పైడమ్మగారు తనిఖీకి వస్తూనే చీటీలన్నీ బోర్లించేసేవారు. మొదటిరోజు నేనొక చీటీ ఎత్తి చూడబోతే చేతిమీద ఒక్కటిచ్చారు.

"పప్పు సూడమన్నాను గానీ పేరు సూడమన్నానేటి? పేరు సూసినాక కన్ను పప్పు మీద నిలవదు బావూ."

"మరి తేడా తెలీకపోతే?"

"తెలీదని సెప్పు. సిగ్గేటి? తెలిసినట్టు తలూపితేనే కొంప ములుగుతాది."

అంతటి మనిషీ ఒకసారి తప్పు చేశారు. ఆవిడ కూతురు లక్ష్మి కూడా అక్కడే గ్రేడింగ్ చేసేది. పళ్లెం నింపి చదును చేశాక, నడుమ బొటనవేలితో చిన్న గుంట నొక్కడం లక్ష్మికి అలవాటు. చీటీ బోర్లా ఉన్నా ఆ గుంట చూసి అది కూతురి పళ్లెమని పైడమ్మగారు పోల్చేశారు. కూతుర్ని వెనకేసుకొచ్చిందని నలుగురూ అంటారన్న భయంతో, బాగున్న పళ్లేన్ని బాగాలేదని తోసేశారు. లక్ష్మిని పొట్టు తీసే పనికి దించేశారు. ఆమె మళ్లీ గ్రేడింగ్ బల్ల దగ్గరకు రావడానికి ఏడాది పట్టింది.

పళ్లెం తోసేసిన రోజు సాయంత్రమే పైడమ్మగారు నా దగ్గరకొచ్చి నిలబడ్డారు. "సీటీ తిప్పినాను గానీ మనసు తిప్పలేకపోనాను బావూ. గుంటకి, కన్నకూతురికి అన్నేయం సేసినాను."

"ఆ మాట లక్ష్మితో అనండి" అన్నాను. అనలేదు. మొండిఘటం! ఆవిడ మీద నాకెంత గౌరవమో, ఈ ఒక్క విషయంలో ఇప్పటికీ అంత కోపం.

తర్వాత మా ఉద్దానంలో చాలామందికి వచ్చిన కిడ్నీ జబ్బే ఆవిడకూ వచ్చింది. డయాలసిస్‌కు తిరగలేక పని మానేశారు. చివరి రోజు ఆవిడ తనిఖీ చేస్తుంటే, ఆ గొంతు దాచుకుందామని నా ఫోన్ రికార్డింగులో పెట్టి, పళ్లేల పక్కన ఉంచి, ఆఫీసులోకి వెళ్లాను. ఇవాళ ఆవిడ లేరు, ఆ ఫోనూ లేదు, కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్న ఆ పదకొండు నిమిషాలున్నాయి.

మొన్న లక్ష్మి మా ఇంటికొచ్చి అది విన్నది. రొదలో తేలినవి మూడే మాటలు. "ఎవులిదే ఈ పళ్లెం?" అని పైడమ్మగారు. "నీ కూతురిదే" అని ఎవరో. "అయితే మరోపాలి సూత్తాను." ఆపైన గొంతు తగ్గి, రొదలో మునిగిపోయింది.

"సూసినావా అన్నియ్యా! ఆకరి రోజు కూడా నన్ను నమ్మనేదు" అంటూ లక్ష్మి కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయింది. ఆ మునిగిన మాటేదో ఆమెకు వినిపించకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

తెలిసినవాళ్లను అడిగితే, రొదంతా కంప్యూటర్‌దేనట. అందులోని అంకెల పాటను స్పీకర్లకు పనికొచ్చే శబ్దంగా మార్చే విడి పెట్టె ఉంటుంది, డాక్ అంటారు. విశాఖ దుకాణం వాళ్లు చూసుకోమని మూడు పంపారు. ఒకటి పెద్దది, వెండి మొహం, నీలం దీపాలు. చూడగానే మనసు పారేసుకున్నాను.

"దీని గొంతే వేరు" అన్నాను మా ఆవిడ పార్వతితో.

"ఇంకా తగిలించనేదు కదండీ!" అంది.

చేతిమీద పైడమ్మగారి దెబ్బ మళ్లీ పడ్డట్టయింది. పెట్టెలమీద తువ్వాలు కప్పించి, ఏది తగిలించిందో చెప్పకుండా మార్చమన్నాను. రికార్డింగులో మొదటి నిమిషమే వేశాను. లక్ష్మి లేకుండా మిగతాది వినడానికి మనసొప్పలేదు. మూడింటితోనూ రొద పోయింది. కానీ ఏది ఏదో? "ఇదే పెద్దది!" అని నేను బల్లగుద్ది చెప్పింది అగ్గిపెట్టెంత చిన్నదట. పార్వతి నవ్వు ఆపుకోలేకపోయింది. ఇంకో అయిదుసార్లు విని, "తెలీదు" అని ఒప్పేసుకున్నాను. అబ్బ, ఎంత హాయో! చిన్నదే ఉంచుకున్నాను.

ఆదివారం లక్ష్మిని పిలిచాను. పార్వతి ఆమె ముందు పళ్లెంలో జీడిపప్పు పెట్టింది. తల్లి ఏ తిట్టు తిట్టి ఉంటుందోనని భయపడుతూనే రికార్డింగు వేశాను.

"అయితే మరోపాలి సూత్తాను." ఆ తర్వాత పళ్లెంలో పప్పు కదిలిన చప్పుడు. పైడమ్మగారి ఆయాసం. చాలాసేపటికి, తనలో తను అనుకుంటున్నట్టు, "వంక నేదు. ఆ రోజు కూడా నేదు. నా కంటిదే వంక."

లక్ష్మి ఏడవలేదు. "మళ్లీ ఎయ్యి అన్నియ్యా" అంది. మూడుసార్లు వేశాను. వింటూ వింటూ ముందున్న పప్పును అరచేత్తో చదును చేసి, నడుమ బొటనవేలితో గుంట నొక్కింది. అది చూసి ఏడ్చింది నేను.

పేరు చూడకుండా వస్తువును చూడడం, తెలియనిది తెలియదనడం ఆవిడిచ్చిన చదువు. చెప్పవలసిన మాట దాచుకోవడం మాత్రం ఆవిడ దగ్గర నేర్చుకోదలచలేదు. పార్వతి పులుసు బాగుంటే ఆ పూటే చెప్పేస్తున్నాను. "ఏటైనాది మీకు?" అంటూ ఇంకో గరిటె వడ్డిస్తుంది.