తుపాకీకి గుడ్డ ఉతికిన దేవయ్య

గల్ఫ్‌లోని బర్కాలో తన యజమాని సాలెహ్ అర్బాబ్ ఖర్జూర తోటలో దేవయ్య పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాడు. చెట్లకు నీళ్లు పెట్టేటప్పుడు కూడా నలగని చొక్కా వేసుకునే మనిషి. రూమ్‌లో వాళ్లు పెళ్లికొడుకని ఏడిపించినా పట్టించుకోడు.

అర్బాబ్‌కు తాతల నాటి తుపాకీ ఒకటుంది. గొట్టం మూతిలో మందు పోసి, సీసపు గుండును గుడ్డముక్కలో చుట్టి కూరి పేల్చే రకం. దాంతో ఈసారి గురి పోటీకి వెళ్లాలని డెబ్బై ఏళ్ల ఆయన ఉబలాటం. శుక్రవారం శుక్రవారం మైదానంలో పరీక్షలు. వారానికి ఒక్కటే మార్చాలన్నది ఆయన పట్టు. ఒక వారం గుండు సైజు, ఒక వారం మందు కొలత. దేవయ్య తుపాకీ ముట్టడు. గురి పలక నిలబెట్టడం, దానిలో పడ్డ గుండ్ల రంధ్రాల మధ్య దూరం కొలిచి నోట్‌బుక్కులో ఎక్కించడం అతని డ్యూటీ. ఆ నోట్‌బుక్కంటే అతనికి ప్రాణం.

అన్నీ కుదిరాయనుకున్నాక గుడ్డ అయిపోయింది. అదే షాపులో అదే గుడ్డ కొన్నారు. కొత్త గుడ్డను ఎప్పుడూ ఉతికిచ్చే ఇంటావిడ ఊళ్లో లేదని అర్బాబ్ దాన్ని దేవయ్యకే ఉతకమని ఇచ్చాడు. ఆ శుక్రవారం గుండ్లు తలో దిక్కుకూ పోయాయి.

"మనం ఏదీ మార్చలేదు దేవయ్యా. అంటే గొట్టమే అరిగిపోయింది," అన్నాడు అర్బాబ్ హిందీలో. "ఇక గోడకు తగిలిస్తాను. పోటీ వద్దు."

ఆ ముఖం చూడలేకపోయాడు దేవయ్య. సాయంత్రం వీడియో కాల్‌లో భార్య లస్మవ్వకు గోడు చెప్పుకుంటూ, మైదానంలో ఏరుకొచ్చిన గుడ్డముక్కలు చూపించాడు. అన్నీ చిరిగిపోయి ఉన్నాయి.

"గిట్ల అట్టలెక్క ఉన్నయేంది? గంజి వెట్టినవా?" అంది లస్మవ్వ.

"వెట్టకుంట ఎట్లుంట? కొత్త బట్టనాయె," అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"పొయ్యి చెప్పు మరి. తిడితే తిట్టనియ్యి."

తిట్లకు కాదు అతని భయం. నోట్‌బుక్కు లాగేసుకుంటాడేమోనని. అయినా పొద్దున్నే వెళ్లి చేతులు కట్టుకుని, గంజికి బిరుసెక్కిన గుడ్డ చిరిగిపోయి గుండు పట్టు తప్పిందని ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

అర్బాబ్ తలపాగా జారిపోయేలా నవ్వాడు. "నీ చొక్కాలకు సరే, నా తుపాకీకి కూడానా? వెళ్లు, మళ్లీ ఉతుకు."

దేవయ్య గంజంతా పోయేలా నాలుగు నీళ్లు మార్చి ఉతికాడు. తర్వాతి శుక్రవారం ఐదు గుండ్లు పేలాయి. తుపాకీ కింద పెట్టి అర్బాబ్ చెయ్యి ఊపాక దేవయ్య పలక దగ్గరికి వెళ్లాడు. ఐదు రంధ్రాలూ అతని అరచెయ్యి కింద ఇమిడిపోయాయి.

"ఎంత? ఎంత వచ్చింది?" అని దూరం నుంచి అడుగుతున్నాడు అర్బాబ్. స్కేలు చేతిలోనే ఉంది గానీ, కళ్లలో నీళ్లు నిండి దేవయ్యకు అంకెలు కనిపించడం లేదు.