అత్త వెనక ఎక్కిన కొండ

"ముందర ఎవురైనా పోతా ఉండారా మే?" అని అడిగింది మా మేనత్త, కళ్లు మూసుకునే.

"ఎవురూ కనపడలేదత్తా. నీ కాళ్లే కనపడతా ఉండాయి" అన్నాను, ఆమె పాదాలు ఒత్తుతూ.

ఆమె నవ్వింది. మా ఇద్దరి మధ్య అవే ఆఖరి మాటలు. పక్కనున్నవాళ్లు ముసలామెకు మతి తప్పిందనుకున్నారు. మతి బాగానే ఉంది. ఆ మాటల వెనక ఒక కొండ ఉంది, అంతే. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతున్నాను, నా మనవరాలు రాస్తోంది.

నా చిన్నప్పుడు మాది వడమాలపేట పక్క పల్లె. పసిబిడ్డగా ఉండగా వచ్చిన జ్వరానికి నా కుడికాలు సన్నబడిపోయిందట. మా పెద్దనాయన కూతురు, మా అక్క, నాకంటే ఏడాది పెద్ద. మేకపిల్ల లాంటిది. చింతచెట్టు ఎక్కాలన్నా, బావి నుంచి బిందె తేవాలన్నా ఆమెదే ముందు. పొద్దున లేచింది మొదలు నా కళ్లు ఆమె మీదే. ఆమె ఎంత ముందుంది, నేను ఎంత వెనకున్నాను, ఇదే ధ్యాస. సంగటి తింటున్నా ఆమె ముద్ద ఎంత, నా ముద్ద ఎంత అని చూసేదాన్ని. "రా మే, కుంటికోడీ, పొద్దుగూకతాది!" అని ఆమె నవ్వితే నేనూ నవ్వేదాన్ని. రాత్రికి ఆ మాటే తలుచుకుని ఏడ్చేదాన్ని.

మా మేనత్తకు ఒక పాత మొక్కు ఉండేది. తిరుమల కొండ నడిచి ఎక్కుతూ ప్రతి మెట్టుకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడతానని. అది తీరకముందే మామ పోయాడు. ఆ కాలంలో మొగుడు పోయిన మనిషి కుంకుమ ముట్టకూడదు. దేవుడి బాకీ నెత్తి మీద ఉండిపోయిందని ఆమె ఏళ్ల తరబడి కుమిలిపోయింది. ఆఖరికి ఇంట్లో ఆడపిల్ల చేత పెట్టించవచ్చని పెద్దలు ఒప్పుకున్నారు. అందరూ అక్క పేరే చెప్పారు. అత్త నన్ను చూపించింది.

"దీనికి మెట్టెక్కేదే గండం. ఒక్క మెట్టు తప్పితే మొక్కు చెడతాది గదా?" అన్నాడు పెద్దనాయన.

"అందుకే దీన్ని అడిగినా. నీ కూతురు రెండేసి మెట్లు దూకతాది" అంది అత్త.

అలిపిరి దగ్గర అక్క లంగా ఎగదోపుకుని పరుగెత్తింది. పెద్దనాయన ఆమె వెనక పోయాడు. నేను పళ్లెం పట్టుకుని వంగాను, పసుపు రాశాను, బొట్టు పెట్టాను, లేచాను. లేచినప్పుడల్లా పైకి చూశాను. అక్క చిన్నదైపోతోంది. ఆ చూపులో పడి ఒక మెట్టు వదిలేశాను. అత్త తిట్టలేదు. వెనక్కి దింపి ఆ మెట్టుకు బొట్టు పెట్టించి, అప్పటి నుంచి నా ముందర నడవసాగింది. మా అత్త గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు వచ్చేది కాదు, అంత మనిషి. నేను కుడికి వంగి చూడబోతే కుడికి జరిగేది, ఎడమకు వంగితే ఎడమకు.

"జరుగత్తా, అక్క యాడుండాదో సూడాల."

"ఏ అక్క?"

"మా అక్కే!"

"నాకెవురూ కనపడలేదే. నీకేం కనపడతా ఉండాది?"

"నీ కాళ్లు."

"అది సాలు. బొట్టు పెట్టు."

ఎక్కగా ఎక్కగా నేను అక్కను మరిచిపోయాను. నున్నటి రాయి, గరుకు రాయి, ఎండకు కాలిన రాయి, చెట్టు నీడన చల్లగా ఉన్న రాయి, వేళ్లకు తగిలినవే నాకు లోకం. కాలు లాగుతూనే ఉంది. అయినా అది ఎవరి కాలి కంటే వెనకబడిందో గుర్తు రాలేదు.

గాలిగోపురం దగ్గర అత్త పక్కకు తప్పుకుని, నా భుజాలు పట్టి వెనక్కి తిప్పింది. మలుపు దాకా మెట్ల మీద పసుపు, ఎర్రటి బొట్లు. ముక్కూ మొహం తెలియని జనం ఎక్కుతూ, ఒక్కో బొట్టునూ వేలితో తాకి కళ్లకద్దుకుంటున్నారు.

"ఈ మొక్కు ఎవురి కోసమో తెలుసునా? నీకు జ్వరమొచ్చిన దినం, బిడ్డ బతికితే సాలు సామీ అని మొక్కుకుంటి" అంది అత్త. "మీ అక్క పక్కన నిలబడి సూసుకుంటే నువ్వు కుంటిదానివి. ఆ పొద్దు సాప మీద కళ్లు తేలేసిన బిడ్డను నేను సూసినా. దాని పక్కన నిలబడి సూసుకో."

అక్కడే కూర్చుని ఎదురుచూస్తున్న అక్క లేచి వచ్చి బొట్ల వరస చూసింది. ఎక్కే జనం వైపు గొంతెత్తి అరిచింది: "అవన్నీ మా సెల్లెలే పెట్టింది!"

అక్కడి నుంచి ఆమె నా వెనకే నడిచింది. ఆఖరి మెట్టుకు బొట్టు పెట్టి నిలబడ్డప్పుడు అత్త నా పసుపు వేళ్లు తన కళ్లకు అద్దుకుంది. ఆమె బాకీ తీరింది. నేను పుట్టినాక అంత ఎత్తున ఎప్పుడూ నిలబడలేదు.

పెళ్లయి ఏళ్లు గడిచాక నా మొగుడూ పోయాడు. పక్కవాళ్ల మిద్దెలు లేచాయి, నా పూరిల్లు పూరిల్లుగానే ఉంది. మెడ ఎత్తి చూడబోయినప్పుడల్లా అత్త వెడల్పాటి వీపు అడ్డమొచ్చి నిలబడుతుంది. నా కాలి ముందున్న మెట్టు చూసుకుంటాను.

రాసినావా పాపా? ఏదీ, మొదటి నుంచి చదువు. నువ్వూ మా అక్క, అదే మీ పెద్దవ్వ మాదిరి రెండేసి దూకవద్దు. ఒక్కో మాటా తాకి చదువు.